విప్పిన కుట్ల గుర్తులు

పాత గుడ్డకు అతుకు వెయ్యాలంటే కొత్త గుడ్డ పనికిరాదు. కొత్తది ఉతుకులో ముడుచుకుపోతుంది, పోతూ పోతూ చుట్టూ ఉన్న పాతదాన్ని కూడా చింపుతుంది. పాతదానికి పాతదే వెయ్యాలి. రఫ్ఫు చెయ్యాలన్నా బజారు దారం వాడకూడదు. ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, చిరిగినచోట నిలువునా అడ్డంగా అల్లుకుంటూ పోవాలి. అప్పుడు చేసినవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇవన్నీ నాకు శుభ్రంగా గుర్తున్నాయి. పొద్దున టీ తాగానో లేదో గుర్తుండదు.

నలభై ఏళ్లుగా ఈ మూడో అంతస్తు ఇంట్లో, ఈ కిటికీ కింద, ఈ మిషను ముందు కూర్చుని పదిమంది చిరుగులు బాగుచేశాను. కాలరు అరిగితే విప్పి తిరగేసి కుట్టేదాన్ని. దుప్పటి మధ్యలో పలచబడితే నిలువునా చీల్చి, అంచులు మధ్యకి తెచ్చి కలిపేదాన్ని. బాగుచెయ్యడానికి వీల్లేని బట్టంటూ ఉండదని వచ్చిన ప్రతివాళ్లతోనూ గొప్పలు పోయేదాన్ని. ఏదీ పారేసేదాన్ని కాదు. చివరికి మిగిలిన పీలికలు కూడా ఒక పెద్ద మూటలో కుక్కి దాచేదాన్ని.

దెయ్యం కథలు నేను చాలా చదివాను. వాటిలో దెయ్యాలు అర్ధరాత్రి వస్తాయి. మా ఇంట్లో మధ్యాహ్నం రెండు గంటలకు మొదలైంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెబుదామనుకుంటే, చివరికి వచ్చేసరికి నాకే గుర్తుండకపోవచ్చు.

నా తోడికోడల్ని నేను అక్కా అనేదాన్ని. మా ఆయనా, బావగారూ ఒకరి వెనక ఒకరు పోయాక ఈ రెండు గదుల్లో ఇద్దరమే మిగిలాం. నాకు పిల్లల్లేరు. అక్కకి ఒక్కతే కూతురు, చిట్టి. ఇక్కడికి నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఈ లోకంలో నన్ను పిన్నీ అని పిలిచే గొంతు అదొక్కటే.

చివరి ఏడాది అక్కకి మతి పోయింది. మొదట పేర్లు పోయాయి, తర్వాత గదులు పోయాయి, ఆ తర్వాత పగలూ రాత్రీ పోయాయి. చేతులు మాత్రం ఖాళీగా ఉండేవి కావు. దొరికిన ప్రతి కుట్టూ విప్పేది. పరదాల అంచులు, దిండు గలీబులు, తన గౌను గుండీలు. గోటితో కుట్టు వెతికి, పట్టి, టప్పున తెంపేది. మళ్లీ వెతికేది. ఒకరోజు నేను స్నానానికి వెళ్లివచ్చేలోపు, ఎవరిదో పెళ్లి కోటు, వారం రోజులు కూర్చుని రఫ్ఫు చేసినది, ముక్కలు ముక్కలుగా విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అక్క గౌను పొడుగు చేతుల చివరలు మూసి కుట్టేశాను.

లోపల చేతులున్నాయి. జంట దారంతో, దగ్గర దగ్గర కుట్లతో కుట్టాను. చలిగాలి తగలకుండా అని నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రం ఆరింటికి విప్పేసేదాన్ని, ఎందుకంటే ఆరున్నరకి పని నుంచి చిట్టి వచ్చేది. మళ్లీ మర్నాడు రెండింటికి కుట్టేదాన్ని. ఇలా అయిదు నెలలు. అక్క అరిచేది కాదు, ఏడ్చేది కాదు. వాలుకుర్చీలో కూర్చుని, ఆ మూసిన చేతులు ఒళ్లో పెట్టుకుని, పావుగంటకోసారి మెల్లగా అడిగేది.

"చెల్లీ, ఇంకా ఆరు కాలేదా?"

ఒకరోజు దారం అయిపోయి కొట్టుకి వెళ్లాను. వాన పట్టుకుంది. కొట్టు చూరు కింద ముప్పావుగంట నిలబడిపోయాను. తిరిగి వచ్చేసరికి అక్క కుర్చీలోంచి ముందుకి పడి ఉంది. కింద నా పీలికల మూట. మొహం అందులోకి దిగిపోయి ఉంది. చేతులు ఆనించి లేవడానికి ఆమెకి చేతుల్లేవు.

నేనేం చేశానో వినండి. ముందు కుట్లు విప్పాను. కత్తెర పక్కనే ఉంది. కానీ కత్తెరతో కోస్తే గుడ్డ మీద గాటు పడుతుందని, ఎవరైనా చూస్తారని, సూదిమొనతో ఒక్కొక్క కుట్టూ లేపి, దారం బయటికి లాగి, రెండు చేతులూ విప్పాను. దారం ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాత మూట మీంచి అక్క మొహం పైకి తిప్పాను. ఆ తర్వాతే ఫోను చేశాను.

విప్పుతున్నప్పుడు ఆ వేళ్లు కదిలాయా లేదా... అదొక్కటి నాకు గుర్తులేదు. అప్పటికి మతిమరుపు ఇంకా నా దగ్గరికి రాలేదు. అయినా గుర్తులేదు.

అందుకే నా భయం అందరి భయం లాంటిది కాదు. పేర్లు పోతే పోనీ. ఇది రహస్యమన్న సంగతి మరిచిపోయి, ఏ కూర తరుగుతూనో, మాటల్లో మాటగా చిట్టితో చెప్పేస్తానేమోనని మొన్నటిదాకా నా భయం. చెప్పిననాడు ఆ ఒక్క గొంతూ నాకుండదని.

మొన్న వానాకాలం మొదట్లో చిట్టి వచ్చింది. మబ్బు పట్టి పట్టపగలే గదిలో దీపం వెయ్యాల్సి వచ్చింది.

"పిన్నీ, ఇవాళ తేదీ ఎంత?" అంది చెప్పులు విప్పుతూనే. వచ్చినప్పుడల్లా పెట్టే పరీక్ష.

"నీకు తెలియకపోతే గోడ మీద ఉంది, చూసుకో."

"సరే, పాసయ్యావు. నువ్వు విసుక్కోని రోజున భయపడతాలే."

నా దగ్గర నేర్చుకున్న పనే చిట్టి ఇప్పుడు నలుగురికీ నేర్పుతోంది. ఆదివారాలు లైబ్రరీ వెనక గదిలో క్లాసు. పాతబట్టలు పారెయ్యకుండా ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా అని.

"రేపు ఇరవైమంది వస్తున్నారు పిన్నీ. సగంమందికి సూదిలో దారం ఎక్కించడం రాదు. కానీ అందరికీ భూమిని కాపాడాలని ఉంది."

"ముందు వాళ్ల గుండీలు కాపాడుకోమను."

నవ్వింది. నవ్వుతూనే సంచీలోంచి ఒక మడత తీసి మిషను మీద పెట్టింది. అది బయటికి రాకముందే నాకు వాసన తగిలింది. నొప్పుల మందు వాసన. అక్క రాత్రిళ్లు మోకాళ్లకి రాసుకునేది.

"ఇదెవరిదో చెప్పుకో చూద్దాం."

తెల్ల పాప్లిన్ గౌను, సన్నటి నీలం చారలు. మూడేళ్లుగా ఆ గౌను కోసం ఇల్లంతా వెతికాను. చివరికి ఎప్పుడో కోసి అతుకులకి వాడేసే ఉంటాననీ, మరిచిపోయాననీ నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"నీ దగ్గరెలా ఉంది?" అన్నాను.

"అమ్మ బట్టలన్నీ నువ్వు జనాల మోచేతులకీ మోకాళ్లకీ వేసేస్తుంటే, ఇదొక్కటి కాజేశాను. చెబితే తిడతావని చెప్పలేదు. దీన్ని మా చంటిదానికి ఫ్రాకు చేద్దామని. రేపు క్లాసులోనే అందరి ముందూ కోస్తా. కానీ పిన్నీ, ఒకటి చూడు."

గౌను చేతిని మిషను బల్ల మీద చదునుగా పరిచింది. చివర రెండు వేళ్లు పైకి, గోటితో ఒక గీత వెంట నడిపింది.

"ఇక్కడ ఎవరో కుట్టి విప్పారు. ఒక్కసారి కాదు, చాలాసార్లు. చిల్లులు మూసుకోలేదు. పాప్లిన్‌లో సూది గుర్తు పోదని నువ్వే కదా చెప్పావు."

"ఎలాస్టిక్ వేశాను. చేతులు జారిపోకుండా."

"ఎలాస్టిక్ అయితే ఒక్క పొరలోనే చుట్టూ ఉంటాయి. ఇవి పై పొరలో ఒకటి, సరిగ్గా దాని కింద ఇంకొకటి. సూది రెండు పొరల్లోంచీ దిగింది." తల ఒక పక్కకి వంచింది. ఆ వంచడం కూడా నా దగ్గరే నేర్చుకుంది. "చెయ్యిని సంచీలా మూసినట్టు. ఎందుకబ్బా?"

"నాకేం గుర్తుంటుందే?" అన్నాను.

అది నాకిప్పుడు బాగా పనికొచ్చే మాట. చిట్టి మొహం వెంటనే మెత్తబడింది.

"పోనీలే. రేపు క్లాసులో ముందు ఇదే చూపిస్తా. గుడ్డని చదవడం ఎలాగో. ఏం జరిగి ఉంటుందో వాళ్లనే చెప్పమంటా. ఇరవైమందిలో ఎవరో ఒకరు చెప్పకపోరు." సంచీ భుజానికి వేసుకుంది. "లైబ్రరీ గదిలో బల్లలు సర్ది, గుండీలు కొనుక్కుని ఆరింటికి వస్తా. ఈలోగా పక్క కుట్లు విప్పి ఉంచుతావా? తలుపుకి లోపలి గడియ పెట్టకు. నా దగ్గర తాళంచెవి ఉంది."

మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా అలాగే నిలబడ్డాను. గడియారం చూశాను. రెండు.

చెయ్యాల్సింది ఒక్కటే. చేతుల చివరలు కోసెయ్యాలి. ఫ్రాకుకి ఎలాగూ పొట్టి చేతులే కావాలి కదా, మంచిదని కోశాను అంటే సరిపోతుంది.

పెద్ద కత్తెర తీసుకున్నాను. ఎడమచెయ్యి చివర నాలుగు వేళ్ల మేర కోశాను. చక్రంలా ఊడి వచ్చింది. వంటింట్లోకి తీసుకెళ్లి, పాత పెనం మీద పెట్టి, అగ్గిపుల్ల గీశాను. కాలిన నూలు వాసన వచ్చింది. దాని వెనకే నొప్పుల మందు వాసన. మూడేళ్లలో ఎన్నిసార్లు ఉతికి ఉంటారు ఆ గౌనుని... ఇంకా ఎక్కడుంది ఆ మందు?

వాన ఒక్కసారిగా దంచడం మొదలుపెట్టింది. కరెంటు పోయింది.

పెనం కడుగుతుంటే ముందు గదిలోంచి చప్పుడు వినిపించింది.

టప్.

కొంచెం ఆగి, మళ్లీ టప్.

వాన చినుకు కాదు. నలభై ఏళ్లు ఆ పని చేసినదాన్ని, దారం తెగే చప్పుడు నాకు తెలుసు. ఒక తెంపుకీ ఇంకో తెంపుకీ మధ్య ఎంత వ్యవధి ఉందో కూడా తెలుసు. గోటితో తర్వాతి కుట్టు వెతుక్కునేంత.

తడిచేతులతో అలాగే వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. వాలుకుర్చీ ఖాళీగా ఉంది. కిటికీ పరదా అంచు విడిపోయి, నేల దాకా వేలాడుతోంది. పొద్దున బాగానే ఉందా? లేక నేనే విప్పానా? ఉతకడానికో, కొత్త అంచు వెయ్యడానికో...

నాకొక నోటు పుస్తకం ఉంది. చిట్టి కొనిచ్చింది. చేసిన పనల్లా అందులో రాస్తాను. ఇస్త్రీపెట్టె ఆపాను. పాలు కాచాను. తలుపు చూశాను. పరదా సంగతి రాశానేమోనని తెరిచాను. కిటికీ దగ్గర మసక వెలుతురులో ఆనాటి తేదీ వెతికి పట్టుకున్నాను.

పాలు కాచాను. ఇస్త్రీపెట్టె ఆపాను. చిట్టి వచ్చింది.

దాని కింద ఇంకొక వరస. నా దస్తూరీయే. సిరా ఇంకా ఆరలేదు, వేలికి అంటింది.

రెండింటికి అక్క చేతులు కుట్టాను.

పుస్తకం మూశాను. అక్క ఉన్న రోజుల్లో నాకీ పుస్తకం లేదు. అప్పుడు నాకు ఏదీ రాసుకోవాల్సిన అవసరం లేదు.

మతిమరుపు మనిషికి ఒక సౌకర్యం ఉంది. ఏం జరిగినా, నేనే చేసి మరిచిపోయి ఉంటానని అనుకోవచ్చు. అలాగే అనుకున్నాను. మిషను దగ్గరికి వెళ్లి, కుడిచెయ్యి చివర కోద్దామని గౌను ఎత్తాను.

కుడిచెయ్యి మూసి ఉంది.

జంట దారం. దగ్గర దగ్గర కుట్లు. నా కుట్టే. ఎడమది చూశాను. ఇందాక కోసిన అంచు, పీచులు వేలాడాల్సిన అంచు, అదీ మూసి ఉంది. చేత్తో తడిమాను. బల్ల మీద దారం కండె నిండుగా ఉండేది... సగం అయిపోయింది.

కత్తెర పట్టుకోబోయాను. కత్తెర లేదు.

అప్పుడు నా వెనక, వాలుకుర్చీ వైపు నుంచి, చాలా మెల్లగా...

"చెల్లీ..."

నేను తిరగలేదు.

"ఇంకా ఆరు కాలేదా?"

ఇన్నేళ్లూ ఆ గొంతు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయాను. నవ్వు గుర్తుంది, నడక గుర్తుంది, గొంతు మాత్రం పోయింది అనుకున్నాను. పోలేదు. కోపం లేదు అందులో. అదే నేను భరించలేకపోయాను. ఏదో బస్సు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు పక్కవాళ్లని టైము అడిగినట్టు, అంత మర్యాదగా అడిగింది.

"లేదు అక్కా," అన్నాను. నా నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. అయిదు నెలలు చెప్పిన జవాబు.

ఆ తర్వాత కొంతసేపు నా దగ్గర లేదు. ఎంతసేపో తెలియదు. చింపి తీసేసిన కాగితంలా, ఆ చోటు ఖాళీ.

తెలివి వచ్చేసరికి గదిలో చీకటి. వాన శబ్దం. నేను వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాను. చేతులు ఒళ్లో ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి. నా బట్టల మీద అక్క గౌను ఉంది.

చేతులు బయటికి తీద్దామని చాచాను. రాలేదు.

అక్క పొడగరి. నేను పొట్టి. ఎడమది కోసినా కూడా ఆ గౌను చేతులు నా వేళ్లు దాటే ఉన్నాయి. చివరన గట్టిగా, సన్నగా కుట్టు. లోపల్నుంచి వేళ్లతో వెతికాను. పళ్లతో పట్టి లాగాను. పాప్లిన్ నోట్లో చేదుగా తగిలింది. నా కుట్టు తెగదు. దాని గురించే కదా ఊరంతా నన్ను మెచ్చుకునేది.

చిట్టి వస్తుంది... ఆరింటికి వస్తుంది. ఇలా చూస్తుంది. చూస్తే చదువుతుంది. లేవాలి... వంటింట్లో కత్తిపీట ఉంది, దానికి రాసి తెంపుకోవాలి... కుర్చీ చేతుల మీద ఆనుకుని లేవబోయాను. గుడ్డలో వేళ్లు జారాయి. పట్టు దొరకలేదు.

ముందుకి పడ్డాను.

పీలికల మూట మెత్తగా ఉంటుంది. దెబ్బ తగలలేదు. మొహం లోపలికి దిగింది. ఎవరెవరివో కాలర్లు, జేబులు, అంచులు. పాత చెమట, సబ్బు, గంజి. ఊపిరి తీస్తే గుడ్డ వచ్చి ముక్కుకి అంటుకుంది. వదిలితే వెనక్కి పోయింది. మళ్లీ తీశాను... మళ్లీ అంటుకుంది. చేతులు ఆనించాను. జారాయి. ఆనించాను. జారాయి. మూట ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి తీసుకుంది.

ఇంతసేపు పడుతుందా? అదే అనుకున్నాను. ఇంతసేపు పడుతుందా అక్కా నీకు కూడా...

చెవి దగ్గర, మూటలోంచే, టప్. టప్. తొందర లేకుండా.

తాళం తిరిగింది.

"పిన్నీ? కరెంటు ఎప్పుడు... పిన్నీ."

చిట్టి నన్ను భుజాలు పట్టి వెల్లకిలా తిప్పింది. ముందు అదే చేసింది. ముందు మొహం తిప్పింది. ఫోను దీపం వేసి చేతులు చూసింది. సంచీలోంచి చిన్న కత్తెర తీసి, ఒకటి, రెండు, గౌను చేతుల చివరలు కోసేసింది. నాలుగు క్షణాలు కూడా పట్టలేదు.

అంత తొందరగా అయిపోతుంది ఆ పని.

నేను ఊపిరి తీసుకుంటూ నేల మీదే ఉన్నాను. చిట్టి కోసిన కుడిచేతి ముక్కని దీపం దగ్గర పెట్టుకుని చూస్తోంది. పైన ఉన్న కుట్టు చూసింది. దాని కింద, అదే గీతలో ఉన్న పాత చిల్లులు చూసింది. కొత్త కుట్టు సరిగ్గా ఆ చిల్లుల్లోంచే దిగింది, ఒక్కటి కూడా తప్పిపోకుండా.

"ఎవరు కుట్టారు పిన్నీ ఇది?"

ఏం గుర్తుందే నాకు, అనవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాకింకా మూటలోని వాసన పోలేదు.

"ఇవాళ్టిది నాకు తెలియదు," అన్నాను. "అప్పటివి నేనే."

"అప్పటివంటే?"

"అయిదు నెలలు. రోజూ. రెండు నుంచి ఆరు దాకా."

వాన తగ్గింది. ఎక్కడో కింద వీధిలో ఎవరో గొడుగు దులుపుతున్న చప్పుడు.

"అమ్మ నాతో చెప్పింది," అంది చిట్టి. గొంతు చాలా మామూలుగా ఉంది. "మీ పిన్ని రోజూ నా చేతులు దాచేస్తోందే అని చెప్పేది. నేను నవ్వేదాన్ని. ఎక్కడ దాస్తుందమ్మా, అలమరలోనా అని ఏడిపించేదాన్ని. మతి లేక అంటోందనుకున్నాను."

పళ్లకి అంటిన పోగు ఒకటి వేలితో తీశాను.

"చివరికి చెప్పడం మానేసింది." కోసిన ముక్కలు రెండూ మడిచి సంచీలో పెట్టుకుంది. "ఆవేళ నువ్వు వచ్చేసరికి అమ్మకి ఊపిరి ఉందా?"

"గుర్తులేదు."

"ఇది కూడానా."

"నిజంగానే గుర్తులేదు చిట్టీ."

"నీకు అన్నింటికీ అదొక అతుకు దొరికింది," అంది. "బాగుంది. ఎక్కడా కుట్టు కనపడదు."

నన్ను లేపి మంచం మీద కూర్చోబెట్టింది. గౌను విప్పించి తీసుకుంది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. చెయ్యాల్సినవన్నీ చేసింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"నిన్ను ఒంటరిగా వదలనులే. రోజూ మధ్యాహ్నం కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని పెడతాను. రెండు నుంచి ఆరు దాకా."

పిన్నీ అనలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా అనలేదు. ఫోను చేస్తుంది, తిన్నావా అంటుంది, మాత్రలు వేసుకున్నావా అంటుంది. ఆ పిలుపు ఉండాల్సిన చోట చిన్న ఖాళీ వదిలి, దాటి వెళ్లిపోతుంది.

అయితే మాట మాత్రం నిలబెట్టుకుంది అనుకున్నాను. సోమవారం సరిగ్గా రెండింటికి మనిషి వచ్చింది. తలుపు తెరుచుకున్న చప్పుడు నేను వినలేదు, చిట్టి తాళంచెవి ఇచ్చి ఉంటుంది. మిషను ముందు కూర్చుని ఉంటే వెనక వాలుకుర్చీ కిర్రుమంది. తిరిగి చూస్తే కూర్చుని ఉంది. కిటికీ వెలుతురు అక్కడిదాకా పోదు. పొడగరి అని మాత్రం తెలిసింది.

"మీరేనా చిట్టి పంపింది?" అన్నాను. తల ఊపింది. మాట్లాడవద్దని చిట్టే చెప్పి ఉంటుంది అనుకున్నాను. చిట్టికి నా మీద ఇప్పుడు అంత కోపం ఉండడం న్యాయమే. నేనూ మాట్లాడించలేదు. నా పని నేను చేసుకుంటాను. ఆ మనిషి నా వెనక కూర్చుంటుంది. ఆరింటికి చూస్తే ఉండదు. మంగళవారం, బుధవారం, గురువారం, అంతే. నిజం చెప్పొద్దూ, గదిలో ఇంకొక మనిషి ఊపిరి వినిపిస్తుంటే నాకు కొంచెం ధైర్యంగానే ఉంది.

ఇందాక చిట్టి ఫోను చేసింది.

"మనిషి ఇంకా దొరకలేదు. ఒకావిడ వచ్చే సోమవారం నుంచి వస్తానంది. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండు."

"మరి తాళంచెవి ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు. నా సంచీలోనే ఉంది. ఎందుకు?"

"ఏమీ లేదు," అన్నాను. "మరిచిపోయి అడిగాను."

ఇంకో పది నిమిషాల్లో రెండవుతుంది. ఇవన్నీ వరసగా రాసి పెట్టాలని కూర్చున్నాను, చిట్టి చదువుతుందని. స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టాను, రెండు కప్పులకి. నాలుగు రోజులుగా ఆ మనిషికి టీ ఇస్తున్నాను. కుర్చీ పక్కన చిన్న బల్ల మీద పెడతాను. ఆరింటికి కప్పు ఖాళీగా ఉంటుంది. ఆమె చేతులు మాత్రం నేనింతవరకూ చూడలేదు.